ముప్పై మీటర్ల ఎనిమా

ఆ బుధవారం పొద్దున పొయ్యి రాజేయకముందే లక్ష్మీదేవమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. మరునాటి గ్రామసభకు ఊరిజనాన్ని ఉగ్గానితో పట్టాలి. మాటలతో పట్టడం అంతకుముందు రెండుసార్లు ప్రయత్నించి చూసింది. మొదటి సభకు ఆమె, ఆమె భర్త బయ్యన్న, తలారి సుంకప్ప, పంచాయతీ ఆఫీసు నీడలో పడుకునే ఒక కుక్క హాజరయ్యారు. రెండో సభకు కుక్క కూడా రాలేదు. నానబెట్టిన బొరుగులకు ఉల్లిగడ్డ తాలింపు పెట్టి, పైన పప్పులపొడి చల్లి, పక్కన నాలుగు మిరపకాయ బజ్జీలు పెడితే రానివాడు ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా పుట్టలేదని ఆమె నమ్మకం.

ఆమె ఈదులబండ సర్పంచి. ఆడవాళ్ళకు కేటాయించిన స్థానం కాబట్టి పేరు లక్ష్మీదేవమ్మది, పెత్తనం బయ్యన్నది అని ఊరు మొదట్లో అనుకున్నది. కొన్నాళ్ళకే ఊరు ఆ అభిప్రాయం మార్చుకున్నది. బయ్యన్న మాత్రం ఇంకా మార్చుకోలేదు. ఆమె కూడా తొందరపెట్టలేదు.

ఈదులబండకు దారి లేదు. పామిడి నుంచి వచ్చే తారురోడ్డు ఎక్కడో దూరాన ఆగిపోతుంది. అక్కడినుంచి ఎండిన వంకలో ఇసుక తొక్కుకుంటూ నడవాలి. బస్సు రాదు కాబట్టి ఊళ్ళో ఆడపిల్లల చదువు ఐదో తరగతితో ముగిసేది. ఆ ఏడు లక్ష్మీదేవమ్మ కూతురు మౌనిక ఐదు పాసయింది. బళ్ళు తెరిచి నెల దాటినా ఆ పిల్ల పుస్తకాల సంచి భుజాన వేసుకుని వాకిట్లో కూర్చునేది. ఎందుకు కూర్చున్నావని తల్లి అడగలేదు. అడిగితే జవాబు చెప్పవలసింది తానే అని ఆమెకు తెలుసు.

ఇలాంటి సమయంలో గాలిమరల కంపెనీ వచ్చింది. రామగిరి దిక్కున కొండల మీద గాలిమరలు లేచి కొన్నేళ్ళయింది. అలాంటివి ఈదులబండ వెనకనున్న బోడిగుట్ట మీద కూడా నిలపవచ్చునేమో చూడాలని కిరణ్ అనే కుర్ర ఇంజనీరు ఎండాకాలంలో వచ్చి చెప్పిపోయాడు. ముందుగా గాలిని కొలిచే సరంజామా గుట్టమీద పెట్టాలి. అది లారీలో రావాలంటే ఊరిమీదుగా రోడ్డు వేయక తప్పదు. ఆ రోడ్డు కంపెనీయే వేస్తుంది. అయితే గుట్ట పంచాయతీది కనుక గ్రామసభ ఒప్పుకోవాలి. కోరం లేని సభ చేసిన తీర్మానం చెల్లదు. రెండు సభలు వట్టిపోయాక కిరణ్ మర్యాదగానే ఒక మాట అన్నాడు. మూడోదీ వట్టిపోతే వంక అవతలి చింతరాళ్ళ గుట్ట చూసుకుంటామని, అక్కడి సర్పంచి బసప్ప ఇప్పటికే రెండుసార్లు టీ తాగించాడని.

ఆషాఢం వస్తే ఈదులబండలో గాలి తప్ప మరొకటి ఉండదు. పడమటి నుంచి నల్లగా ఎక్కివచ్చిన మబ్బులను ఊరు తలెత్తి చూస్తూ ఉండగానే ఆ గాలి తూర్పుకు తోసుకుపోతుంది. చినుకు కోసం దున్నిపెట్టుకున్న చేలల్లో దుమ్ము లేస్తుంది. శనగకాయలు పండించే ఆ ఊళ్ళో గాలిని తిట్టని నోరు లేదు. తరతరాలుగా తిట్లు తింటున్న ఆ గాలి వల్ల ఊరికి ఒక రోడ్డు రాబోతున్నదని ఎవరైనా నమ్మాలంటే, ముందు వాళ్ళు సభకు రావాలి.

కాబట్టి ఉగ్గాని. ఆమె బొరుగుల సంచి కొలుచుకుంటూ ఉండగా బయ్యన్న పామిడి నుంచి వచ్చాడు. ఊళ్ళో ఫోను లేదు. కిరణ్ ఏదైనా చెప్పాలంటే పామిడిలో బయ్యన్న స్నేహితుడి నూనెమిల్లుకు ఫోను చేస్తాడు. మిల్లు ఆడుతూ ఉంటే ఆ గదిలో పక్కనున్నవాడి దగ్గు కూడా వినబడదు. ఆ హోరులోనే బయ్యన్న సమాచారమంతా విని, మరిచిపోకుండా ఇసుకదారి పొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చాడు.

"రేపు పొద్దునే ఇంజనీరు వస్తాడంట. వచ్చేటప్పుడు ఎనిమా మీటరు తెస్తాడంట," అన్నాడు.

"ఏం మీటరు?"

"ఎనిమా మీటరు. నేనూ రెండుసార్లు అడిగినా. రెండుసార్లూ అదే చెప్పినాడు."

లక్ష్మీదేవమ్మ చేతిలోని శేరు అలాగే ఆగిపోయింది. "ఎనిమా అంటే, కాన్పుకు ముందు ఆసుపత్రిలో ఇస్తారే, అదా?"

"అదే అయ్యుంటాది. కంపెనీలోళ్ళు ఊర్లోకి దిగేముందర ఉచిత శిబిరం పెడతారు గదా, మనల్ని మంచి చేసుకునేదానికి. కొందరు కండ్లు చూస్తారు, కొందరు పండ్లు చూస్తారు. వీళ్ళది గాలి కంపెనీ. లోపలి గాలి గూడా చూస్తారేమో."

ఇంకా ఏదో ఉన్నట్టు అతడు చెవి గోక్కున్నాడు. ఆమె తొందరపెట్టకుండా చూసింది.

"ముప్పై మీటర్లంట," అన్నాడు గొంతు తగ్గించి. "ఒకసారి పెడితే సంవత్సరం దాకా తీయరంట. ఊరంతా ఒప్పుకుంటేనే పని మొదలంట."

అసలు సంగతి ఇది. కిరణ్ చెప్పినది అనీమోమీటరు. గాలి వేగాన్ని కొలిచే పనిముట్టు. గ్రీకు భాషలో గాలిని అనీమోస్ అంటారు. ఆ మాట ఫ్రాన్సుకు పోయినా, జర్మనీకి పోయినా, రష్యాకు పోయినా తోకలో చిన్న మార్పు తప్ప రూపు చెడకుండా నిలబడింది. సముద్రాలు దాటింది, రాజ్యాలు దాటింది. పామిడి నూనెమిల్లు మాత్రం దాటలేకపోయింది.

లక్ష్మీదేవమ్మకు అనుమానం తీరలేదు. ఊరిబడి అయ్యవారు జయరాంకు ఒక ఇంగ్లీషు నిఘంటువు ఉంది. ఆమె వెళ్ళి అడిగింది. ఆయన ఆ పుస్తకాన్ని ఎంతో గౌరవంగా దించి, దుమ్ము దులిపి, 'ఇ' అక్షరం దగ్గర తెరిచి, వేలు జార్చుకుంటూ పోయి ఒకచోట ఆపాడు. మాట ఉందని, వైద్యశాస్త్రానికి చెందినదని, పుట్టుక గ్రీకు అని చెప్పాడు. అర్థం మాత్రం సర్పంచి ముందు పైకి చదవడానికి మొహమాటపడ్డాడు. నిఘంటువు ఎన్నడూ తప్పు చెప్పదు. కాకపోతే ఏ మాట అడిగితే ఆ మాటకే చెబుతుంది.

ఇంటికి తిరిగివస్తూ ఆమె ఆలోచించింది. ముప్పై మీటర్లన్నది మిల్లు హోరులో పెరిగిన లెక్క కావచ్చు. సంవత్సరం అన్నది కూడా అంతే కావచ్చు. మిగిలినదల్లా కాసేపు పంటి బిగువున ఓర్చుకునే పని. వాకిట్లో మౌనిక సంచి వేసుకుని కూర్చుని ఉంది. ఆ పిల్లను దాటి లోపలికి పోయేలోగా లక్ష్మీదేవమ్మ మనసు గట్టిపడింది. రోడ్డు కోసం ఎవరో ఒకరు ముందు నిలబడాలి. సర్పంచి తానే కాబట్టి, మొదట తానే చేయించుకుంటుంది.

మధ్యాహ్నం సుంకప్ప దండోరా వేశాడు. సుంకప్ప చెప్పిన మాటను చెప్పినట్టు చాటే మనిషి కాడు. వినేవాళ్ళకు విషయం మనసులో నాటుకోవాలని తనవైపు నుంచి కొంత కలుపుతాడు. "ఇందుమూలంగా తెలియజేసేదేమంటే, రేపు పంచాయతీ ఆఫీసు కాడ అందురికీ ఎనిమా మీటరు పెడతారహో. పొడుగు ముప్పై మీటర్లు. ఇంటికొకరు గాదు, ముసిలీముతకా అందురూ రావల్ల. ముందర ఉగ్గాని, బజ్జీ పెడతారహో."

ముందర ఉగ్గాని ఎందుకు పెడుతున్నారో ఈదులబండకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. ఖాళీ సంచిలోంచి ఏం తీస్తారు? లక్ష్మీదేవమ్మ ఎంతో ప్రేమతో తలపెట్టిన విందు ఆ ఒక్క చాటింపుతో కుట్రలో భాగమైపోయింది. ఒకాయన పెద్ద మనసు చేసుకుని, ఉగ్గాని తిని గోడ దూకితే సరిపోతుందని ఆలోచన చెప్పాడు. తిన్నాక దూకడం నీవల్ల కాదని అతని భార్య అంది.

సాయంత్రానికి టీకాలు వేయడానికి నర్సు జయంతి వచ్చింది. తన ఊళ్ళో తనకు చెప్పకుండా శిబిరమా అని ఆమెకు చిన్నతనమైంది. మాటను సరిచేయవలసిన బాధ్యత కూడా ఆమెకే కనిపించింది. రచ్చ దగ్గర నిలబడి, అది ఎనిమా కాదని, అనీమియా అని, అంటే ఒంట్లో రక్తం తక్కువగా ఉండడమని, వచ్చేవాళ్ళు సూదితో రక్తం తీసి కొలుస్తారని వివరించి, చదువుకోనివాళ్ళతో వచ్చే తంటా ఇదేనని నిట్టూర్చి వెళ్ళిపోయింది. ఊరు ఒక మాటను వదిలి ఇంకోమాటను పట్టుకునే రకం కాదు. రెండింటినీ ఉంచుకున్నది. ఒకపక్క ఎక్కిస్తారు, ఇంకోపక్క తీస్తారు అని తేల్చుకున్నది.

లక్ష్మీదేవమ్మ గడపగడపకూ తిరిగింది. భయపడవద్దని, మొదట తానే చేయించుకుంటానని చెప్పింది. ఆడవాళ్ళు ఆమె చేతులు పట్టుకుని జాలిగా నిమిరారు గాని వస్తామని ఒక్కరూ అనలేదు. ఊళ్ళో అందరికన్నా పెద్దది, బోడిగుట్ట మీద గొర్రెలు మేపుకునే నల్లమ్మ. ఆమె ఒప్పుకుంటే సగం ఊరు కదులుతుంది.

"మొదట నేనే చేయించుకుంటా నల్లవ్వా. నాకు ఏమీ కాకుంటేనే మీరు రాండి."

"చేయించుకో తల్లీ," అంది నల్లమ్మ గొర్రెపిల్లకు పాలు పట్టిస్తూ. "నువ్వు సర్పంచివి, నీకు సర్కారు దుడ్లిస్తాది. నాకేమిస్తాది?"

గురువారం తెల్లవారింది. గంగాళం నిండా ఉగ్గాని ఘుమఘుమలాడింది. బజ్జీలు గంపకెత్తారు. తినడానికి ఊళ్ళో కోళ్ళు మిగిలాయి. ఇళ్ళకు గొళ్ళాలు, గొళ్ళాలకు తాళాలు. సుంకప్ప ఇంటికి కూడా తాళమే. బయ్యన్న వీధులన్నీ తిరిగివచ్చి, ఎవరికీ వినబడే ప్రమాదం లేకపోయినా గుసగుసగా చెప్పాడు.

"అందురూ గుట్టెక్కినారు. నల్లమ్మ ముందర, ఊరంతా ఎనక. ఇంజనీరు వచ్చి పోయినాకనే దిగుతారంట."

లక్ష్మీదేవమ్మ పంచాయతీ ఆఫీసు మెట్టు మీద కూర్చుంది. ఈసారి కుక్క కూడా గుట్టెక్కినట్టుంది. ఇక చింతరాళ్ళకు రోడ్డు వస్తుంది. బసప్ప కూతుళ్ళు బస్సెక్కి పామిడి పోతారు. ఆమె అలా అనుకుంటూ ఉండగానే వంక దిక్కున దుమ్ము లేచింది. జీపు. అది ఊళ్ళోకి మలుపు తిరగలేదు. నేరుగా గుట్టవైపు పోయింది. పనిముట్టు పెట్టవలసిన చోటు చూసుకున్నాకే సభకు రావాలని కిరణ్ అనుకున్నాడని ఆమెకెలా తెలుస్తుంది? ఊరు పారిపోయిన సంగతి తెలిసి వెంటబడుతున్నాడనుకున్నది.

"అయ్యో, ఆయన ఆడికే పోతాండాడే. జనం ఏమన్నా చేసేస్తారు, లే," అని ఆమె పరుగుతీసింది. తీర్మానాల పుస్తకం చంకలో పెట్టుకుని, ఉగ్గాని పాడవుతుందని గంగాళం నెత్తికెత్తుకుని బయ్యన్న వెనకాల ఎక్కాడు.

గుట్టమీద ప్రతి రాయి వెనకాలా ఒక సంసారం ఉంది. గాలి చెవుల్లో హోరెత్తుతోంది. కిరణ్, ఇద్దరు కూలీలు పైకి చేరి, ఇంత జనం ముందే వచ్చి ఉండడం చూసి ఆశ్చర్యపోయారు. కూలీల భుజాల మీద గడ్డపారలు, చుట్టలు చుట్టిన పొడవాటి ఇనుపతీగ ఉన్నాయి. ఆ తీగ చుట్టలను చూసి రాళ్ళ వెనక ఒక మూలుగు పుట్టింది. కిరణ్ అది విని, స్వాగతం కాబోలని చేతులు జోడించాడు.

లక్ష్మీదేవమ్మ రొప్పుతూ వచ్చి ఆ యిద్దరి మధ్యా, అంటే ఇంజనీరుకూ ఊరికీ మధ్య, నిలబడింది. కొంగు నడుముకు బిగించింది.

"బాబూ, వాళ్ళనేమీ అనొద్దండి. మొదట నాకు కానీండి. తర్వాత ఒగరొగరే వస్తారు."

"చాలా సంతోషమమ్మా," అన్నాడు కిరణ్. "మీతోనే మొదలుపెడదాం. ఎక్కడ పెట్టమంటారో మీరే చూపించండి."

ఆమె నేలచూపులు చూసింది. "చూపించేదేముండాది బాబూ, పెట్టేచోటనే. రోంత చాటుగా అయితే మేలు."

"చాటు పనికిరాదమ్మా. చాటున పెడితే గాలి తగలదు. నాలుగు దిక్కుల నుంచీ కనబడేటట్టు ఎత్తుమీదే పెట్టాలి."

రాళ్ళ వెనక నుంచి ఒక ముసలామె దేవుణ్ణి పిలిచింది. గంగాళం కింద దించి బయ్యన్న ముందుకొచ్చాడు.

"ఆమెకొద్దు సార్. పెడితే నాకు పెట్టండి. పేరు ఆమెది గానీ, పెత్తనం నాది."

పెళ్ళయినప్పటినుంచీ అతడు అన్న మాటల్లో లక్ష్మీదేవమ్మకు నచ్చినవి తక్కువ. ఆ క్షణంలో ఆమె మొగుణ్ణి కొత్తగా చూసింది.

"ఎవరి పేరైనా ఒకటేనన్నా. కష్టమంతా మావాళ్ళదే కదా," అని కిరణ్ నవ్వి కూలీకి సైగ చేశాడు. కూలీ గడ్డపార ఎత్తి నేలమీద దింపాడు. "గుంత లోతుగా తవ్వి, నాలుగు పక్కలా తీగలు లాగి బిగిస్తాం. ఇక సంవత్సరం పాటు ఎంత గాలి వచ్చినా కదలదు."

నల్లమ్మ రాయి మీదికెక్కింది. చావుకు దగ్గరపడినదానికి భయమేమిటన్నట్టు నిలబడి అడిగింది. "ఏమప్పా, చదువుకున్నోనివి. ముప్పై మీటర్లు మనిషికి యాడ పడతాది?"

"మనిషికా?" అన్నాడు కిరణ్.

బయ్యన్న తన నోటితోనే, తనకు వినపడిన మాటను, వినపడినట్టుగా చెప్పాడు. కిరణ్ ముఖం ఎర్రబడింది, తెల్లబడింది. అతడు వెనక్కు తిరిగి కొంతసేపు భుజాలు అదురుతూ నిలబడ్డాడు. మళ్ళీ ఇటు తిరిగి, వెంట తెచ్చుకున్న చెక్కపెట్టె తెరిచి, ఒక పనిముట్టు బయటికి తీశాడు. సన్నని కడ్డీ, దాని కొసన పిల్లలు ఆడుకునే బొమ్మ గిన్నెలవంటివి మూడు. చెయ్యెత్తి పట్టుకోగానే మూడు గిన్నెలూ ఒకదాన్నొకటి తరుముకుంటూ కనబడనంత వేగంగా తిరిగాయి.

"ఇది గాలిని కొలుస్తుందవ్వా. అంతే. ముప్పై మీటర్లు దీన్ని నిలబెట్టే స్తంభం. అనీమోమీటరు. ఏ దేశంలో అడిగినా ఇదే మాట చెబుతారు."

"మా అయ్యవారినడిగితే చెప్పలేదే," అంది లక్ష్మీదేవమ్మ. జయరాం మరో రాయి వెనక్కు జరిగాడు.

సుంకప్ప తానే మొదట అనుమానించానని చెప్పబోయి లేచి నిలబడ్డాడు. గాలి అతని తలగుడ్డను ఊడబీకి, విప్పి, జెండాలా పరచి వంక అవతలికి తీసుకుపోయింది. మొదట నల్లమ్మ నవ్వింది. ఆ తర్వాత గుట్టంతా నవ్వింది. మబ్బులు తరిమే ఆ గాలిని చూసి ఈదులబండ నవ్వడం అదే మొదటిసారి. స్తంభం చుట్టూ గొర్రెలు మేసుకోవచ్చా అని నల్లమ్మ అడిగింది. తీగలు తగలకుండా మేసుకోవచ్చునని కిరణ్ చెప్పాడు.

జనం దిగడానికి లేచి మూటలు సర్దుకుంటున్నారు. అప్పుడు లక్ష్మీదేవమ్మ నిదానంగా ఒకసారి చుట్టూ చూసింది. ముసలివాళ్ళున్నారు, చూలాళ్ళున్నారు. ఓటుహక్కు ఉండి కాళ్ళాడేవాళ్ళంతా ఉన్నారు. పంచాయతీ పుట్టిన తర్వాత ఇంతమంది ఒకచోట చేరిన సభ లేదు. సభ ఆఫీసు నీడలోనే జరగాలని ఆమె చదివిన నియమాల్లో ఎక్కడా లేదు.

"ఎవురూ దిగొద్దు," అంది. "గ్రామసభ ఈడనే. ఉగ్గాని ఈడనే. కోరం ఉండాది, లెక్కబెట్టుకో ఇంజనీరు బాబూ. రోడ్డు కావల్ల అనేవాళ్ళు వేలిముద్ర వేసినాకనే చెయ్యి కడుక్కోండి."

తీర్మానాల పుస్తకం పుటలు గాలికి నిలవకపోతే బయ్యన్న, సుంకప్ప చెరోవైపు పట్టుకున్నారు. ఉగ్గాని ఈసారి అందరూ నిర్భయంగా తిన్నారు. గోడ దూకుదామన్న పెద్దమనిషి మూడుసార్లు పెట్టించుకున్నాడు.

వానాకాలం దాటకముందే ఊరిమీదుగా కంకర రోడ్డు పడింది. స్తంభం లేచింది. మరుసటి ఏడు బళ్ళు తెరిచేసరికి పొద్దునొకటి, సాయంత్రమొకటి పామిడి బస్సు రావడం మొదలైంది. మొదటిరోజు దాన్లో ఎక్కిన ఆరుగురు ఆడపిల్లల్లో మౌనిక కిటికీ పక్కన సీటు కోసం కొట్లాడి గెలిచింది. ఆ ఏడూ వాన సరిగ్గా లేదు. గాలి మాత్రం బాగా పండిందని కంపెనీవాళ్ళు అన్నారు.

ఇదంతా వంక అవతల నుంచి చూస్తున్న బసప్పకు నిద్ర పట్టలేదు. రెండుసార్లు టీ తాగించిన తనను కాదని రోడ్డు అటు ఎలా పోయింది? ఒకరోజు సంతలో సుంకప్పను నిలదీశాడు. సుంకప్ప చెప్పినదాంట్లో పైకి చూస్తే అబద్ధమేమీ లేదు: ఊరంతా ఎనిమాకు ఒప్పుకున్నది, రోడ్డు వచ్చింది. చింతరాళ్ళ ఊరు ఎందులోనూ తీసిపోదని బసప్ప ఆ వారంలోనే గ్రామసభ పెట్టి, ఆబాలగోపాలమూ మనస్ఫూర్తిగా ఎనిమాకు సమ్మతిస్తున్నామని, వెంటనే ఏర్పాటు చేయించాలని తీర్మానం రాయించి పైకి పంపాడు.

ఆ కాగితం పై ఆఫీసులన్నీ తిరిగి తిరిగి చివరికి ఒక ఆసుపత్రికి చేరింది. ఆసుపత్రివాళ్ళు ఆ మాటను ఏ పొరపాటూ లేకుండా అర్థం చేసుకున్నారు.